ఊ అంటే విన్నట్టు

సభకు వచ్చిన అందరికీ నమస్కారం. వేలూరు నుంచి వచ్చిన సిస్టర్ స్నేహితులకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మా అవ్వ కస్తూరమ్మకు నమస్కారం. ఈ చర్చి హాలు లోపలికి రావాలా వద్దా అని ఇంకా గడప బయటే నిలబడి ఉన్న మన వర్తక సంఘం పెద్దలకు కూడా నమస్కారం. అక్కడికి నా గొంతు వినపడకపోతే చెయ్యి ఎత్తండి. నాకు సభల్లో మాట్లాడే అలవాటు లేదు. రాసుకొచ్చింది చదువుతాను.

నా పేరు నివేద. బజారు వీధిలో సరుకుల అంగడి నడిపే కస్తూరమ్మ మనవరాలిని.

సిస్టర్ కిర్‌స్టెన్ పోయిన వారం వేలూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. డెన్మార్క్ నుంచి వచ్చి మన గుడియాత్తంలో ఉండిపోయిన మనిషి. వంకర కాళ్ళ పిల్లలకు పట్టీలు కట్టి, బూట్లు చేయించేవారు. ఆమె పేరు మన నోట తిరగలేదు. కిష్టమ్మ అన్నాం. మతం మార్చడానికి వచ్చిందని ఆమెను అనుమానించాం. కానీ ముందు పేరు మార్చింది ఎవరు? కిష్టమ్మా అని పిలిస్తే ఆమె మారుమాట లేకుండా పలికారు.

ఆమె మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను అనుమానం గురించి చెబుతాను. ఈ హాలులో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది అదే.

ఆమె వచ్చిన కొత్తల్లో పిల్లల పాదాలను కాగితం మీద పెన్సిలుతో గీసుకొని పోయేవారు. ఎందుకు గీస్తున్నారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఊహించే ధైర్యం మాత్రం అందరికీ ఉంది. కాశి మేస్త్రీ తన కూతురు చిత్రను చంకన వేసుకొని ఇంటికి పరుగెత్తాడట. "పాదం గీసుకొని పోతే బిడ్డ ఆమె ఎనకాలే పోతాదంటనే" అన్నాడట. కొన్నాళ్ళకు ఆ గీత కొలతకే, ఆంబూరు నుంచి తెచ్చిన తోలు ముక్కలతో చిత్రకు బూటు వచ్చింది. కాశి దాన్ని తిరగేసి, లోపల వేలు పెట్టి తడిమాడు. సిలువ గుర్తు ఉందేమోనని. లేదు. అయినా నమ్మలేదు. లోపలి అట్ట ఊడదీసి మళ్ళీ చూశాడు. సిస్టర్ ఆ అట్టను తిరిగి కుట్టించి ఇచ్చారు. కాశి అక్కడ వెనక నిలబడి నవ్వుతున్నాడు. చిత్ర ఇప్పుడు ఆంబూరులోనే చెప్పుల ఫ్యాక్టరీకి పనికి పోతుంది.

అనుమానం మనకే ఉండేదా? సిస్టర్‌కు లేదా? మా అంగడిలో చింతపండు తూచేటప్పుడు ఆమె వంగి తక్కెడ ముల్లును చూసేవారు. ప్రతిసారీ చూసేవారు. మా అవ్వ ఒకరోజు ఊరుకోలేక, "యాడో పైనుండే దేవుడి మింద ఉండే నమ్మకం, కండ్ల ముందరుండే నా తక్కెడ మింద లేదు గదమ్మా నీకు" అంది. సిస్టర్ నవ్వారు. మళ్ళీ వంగి చూశారు.

వాళ్ళ స్నేహం అలా మొదలైంది. అలాగే సాగింది. పండగకు ఆమె కేకు తెస్తే అవ్వ వాసన చూసి, "గుడ్డు ఉండాదా?" అని అడిగి, పక్కన పెట్టేది. అవ్వ గుడి ప్రసాదం ఇస్తే ఆమె రెండు చేతులా తీసుకొని సంచిలో పెట్టుకొనేవారు. నోట్లో పెట్టుకోగా మేము చూడలేదు. ఒకరిది ఒకరు తినలేదు. ఇవ్వడం మాత్రం ఏ పండగకూ మానలేదు.

సాయంత్రం అంగడి తిన్నె మీద కూర్చొని సిస్టర్ కథలు చెప్పేవారు. వాళ్ళ దేవుడి కథలు. సగం తమిళం, సగం మన తెలుగు. ఏది ఏదో ఆమెకు చివరిదాకా తెలియదు. అవ్వ మిరపకాయల తొడిమలు తుంచుతూ ప్రతి మాటకూ ఊ అనేది. మన ఇళ్ళల్లో కథ చెబుతుంటే ఊ కొట్టకుండా ఉంటామా? కానీ సిస్టర్‌కు ఆ ఊ కొత్త. ఊ అంటే అవును అనుకున్నారు. అవ్వ అన్నింటికీ ఒప్పుకొంటోంది అనుకున్నారు. వేలూరులో తన వాళ్ళకు సంతోషంగా కబురు పెట్టారు. ఒక ఆదివారం పొద్దున చర్చి వ్యాను వచ్చి మా అంగడి ముందర ఆగింది, అవ్వను ఎక్కించుకొని పోవడానికి.

వీధి వీధంతా చూసింది. అవ్వ చీపురు పట్టుకొని బయటికి వచ్చి, "ఈ బండేంటికి? యాడికి?" అంది. సిస్టర్ విషయం చెప్పారు. అప్పుడు అవ్వ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకొంటాం. "ఊ అంటే ఇన్న్యానని తల్లీ. ఒప్పుకున్న్యానని ఎవురు చెప్పిరి నీకు?"

వ్యాను ఖాళీగా తిరిగిపోయింది. మర్నాడు సాయంత్రం సిస్టర్ వచ్చారు. కథ ఎత్తలేదు. ఉప్పు మాత్రం అడిగారు. అవ్వ ఉప్పు పొట్లం కట్టిచ్చి, "ఆ గాలివానలో పడవ ఏమాయ? మిగిలింది చెప్పకుండానే పోతాండావే" అంది. సిస్టర్ తిన్నె మీద కూర్చున్నారు.

ఇది పాత సంగతి. ఇప్పటి సంగతికి వస్తాను.

ఆఖరి రోజుల్లో సిస్టర్‌కు పక్షవాతం వచ్చింది. తెలుగు పోయింది, తమిళం పోయింది, ఇంగ్లీషు పోయింది. చిన్నప్పటి డేనిష్ ఒక్కటే మిగిలింది. అవ్వ బస్సెక్కి వేలూరు వెళ్ళి మంచం పక్కన కూర్చొనేది. తోడుగా నేను వెళ్ళేదాన్ని. సిస్టర్ కళ్ళు మూసుకొని ఏదో చెప్పేవారు. ఆగేవారు. అవ్వ ఊ అనేది. మళ్ళీ చెప్పేవారు. అవ్వ మళ్ళీ ఊ అనేది. పక్క మంచం దగ్గర మన ఊరివాళ్ళు ఒకరున్నారు. వాళ్ళు చూసి వచ్చి, కస్తూరమ్మ జపం చేస్తోంది, ఆమెన్ అంటోంది, వాళ్ళ మతంలో కలిసిపోయింది అని చెప్పారు.

వచ్చే నెల అమ్మవారి తిరునాళ్ళకు మా ఇంటి సారె వద్దని సంఘం కబురు పంపింది. అమ్మవారికని అవ్వ కొన్న చీర బీరువాలో ఉంది. ఆమె దాన్ని రోజూ తీసి చూసి, మళ్ళీ పెడుతోంది.

సంఘం పెద్ద శివప్రకాశం మామ నాతో మంచిగానే అన్నారు. "అది ప్రార్థన కాదని సబలో ఒక్క మాట చెప్పమ్మా, సారె తీసుకుంటాం."

మామా, మీరు గడప దగ్గర ఉన్నారు. మీకే చెబుతున్నాను. ఆ మాట నేను చెప్పలేను. సిస్టర్ ఏం చెప్పారో నాకు తెలియదు. ప్రార్థన కావచ్చు. వాళ్ళ అమ్మ మీద బెంగ కావచ్చు. ఆసుపత్రి ఇడ్లీ మీద ఫిర్యాదు కావచ్చు. మీకున్న అనుమానం నాకూ ఉంది. బస్సులో అవ్వను అడిగాను, అర్థం కాకుండా ఎందుకు ఊ అంటున్నావని. "ఎవురూ ఊ అనకపోతే ఆ మాట యాడికి పోతాదమ్మా?" అంది. అంతే. ప్రార్థన కాదని నువ్వైనా చెప్పవ్వా అంటే, "తెలీందాన్ని కాదని ఎట్ల చెప్పేది? అమ్మవారి ముందరా అబద్దమా?" అంది.

సారె పోతుందని తెలిసి అన్న మాట అది. మన అమ్మవారి మీద నమ్మకం పోయిన మనిషి అలా అంటుందా? మీరే ఆలోచించండి. సిస్టర్ ఒకప్పుడు చేసిన పొరపాటే ఇప్పుడు మనం చేస్తున్నాం. ఆమె పరదేశి, ఊ అంటే ఒప్పుకోవడం అనుకున్నారు. మనకేమైంది? మనం ఊ కొడుతూ పెరిగినవాళ్ళం కదా?

నేను చెప్పాల్సింది అయిపోయింది. సిస్టర్ కోసం ఇప్పుడు అందరం కొంచెంసేపు మాట లేకుండా నిలబడదాం. బయట ఉన్న పెద్దలు లోపలికి రానక్కరలేదు. చెప్పులు విప్పనక్కరలేదు. ఉన్నచోటనే ఉండండి. నిలబడితే ఒప్పుకున్నట్టు కాదు. విన్నట్టు.

అవ్వా, నువ్వు కూర్చొనే ఉండు. నీ మోకాళ్ళు సరిగా లేవు.

మిగిలిన వాళ్ళందరూ దయచేసి లేవండి.