పిడి లేని గిన్నె

ఇదీ వద్దు ఎర్రన్నా. పిడి సూడు, నల్ల ప్లాస్టిక్కే గదా! ఓవెన్‌లో ఎట్టేదని సెప్పి సెప్పి నా నోరు నొప్పెడతన్నాది. గజపతినగరంలో ఇంత పెద్ద గిన్నెల కొట్టు ఎట్టుకుని, అటక మీదున్నవన్నీ దించుతావు గానీ, నా మాట ఇనవేటి?

నవ్వకు. ఓవెనంటే గేసు పొయ్యి కాదు, కరెంటు పెట్టె. నా కోడలు స్వర్ణ, టీచరమ్మ, అదే కొన్నాది. కట్టెల పొగకి నా కళ్ళు పోతన్నాయంట. మంచిదే పాపం.

ఇన్నేళ్ళూ క్రిస్మస్‌కి మా చర్చి కేకు నానే గదా కాల్చేది? డేక్సాలో ఇసక పోసి, ఇసక మీద కేకు డబ్బా ఎట్టి, మూతేసి, పొయ్యి మీద సన్న సెగ. సెయ్యి అలాటు పడిపోనాది. మొన్న స్వర్ణ ఇస్కూలుకెల్లగానే నాను సేసిందేటో తెలుసా? పెద్ద డేక్సా పట్టలేదని సిన్నది ఎతికి, ఇసకతో సహా ఆ పెట్టెలోకి తోసేసినాను. మూతతో!

ఓలమ్మో, ఆ వాసన! మూత మీద నల్ల బొడిపె కరిగి, కాలతన్న కడ్డీ మీద బొట్లు బొట్లుగా కారిపోనాది. ఇల్లంతా పొగ. ఆ కేకు కుక్క కూడా ముట్టలేదు.

స్వర్ణ తిట్టినా బాగున్ను. తిట్టలేదే! కింద కూకుని ఆ కడ్డీ గీకతా, "దీన్లో ఇసకెందుకత్తా?" అన్నాది. మల్లీ తనే, "ఈ ఏడు బేకరీకి సెప్పేద్దుంలే, నీకు అలుపు" అన్నాది.

అలుపు లేదని కాదులే. మోకాళ్ళు, నడుము, ఏటని సెప్పను?

ఆ మూల సత్తు గిన్నె, ఇలగియ్యి. పిడి లేదు, రంగు పూత లేదు, మందంగానే ఉన్నాది. గాజుదా? వద్దు బాబూ, ఓవెన్‌కి పనికొచ్చే గాజు వేరేనంట, దాని మీద రాసుంటాదంట. ఇదే సాలు. స్వర్ణ ఇంటికొచ్చేలోగా ఇంకొకపాలి కాల్చి సూడాల.

ఏటంటావు? బేకరీ కేకు బాగోదనా నా బాద? అయ్యో, బాగుంటాది ఎర్రన్నా. పైన క్రీము పువ్వులూ అవీ ఏస్తారు. పాస్టరు గారు మెచ్చుకుంటారు, పిల్లలు ఏళ్ళు నాకేస్తారు. ఈ లీలారాణి కేకేదని ఒక్కరూ అడగరు. అదే నా బయ్యం.

కట్టు, బేగి కట్టు.