గోడ మీది పేరు

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డు ఒడ్డున క్లబ్బు మైదానంలో బుధవారం డిస్కస్ త్రో పోటీ ముగిసింది. తుంపరలో ఒకమ్మాయి, ఆమె కోచ్ అయిన పెద్దావిడ చెరోవైపు టేపు పట్టుకుని నిలబడ్డారు.

"మళ్ళీ కొలుద్దామా కోచ్?"

"మూడుసార్లు కొలిచాం కదే. నా పాత రికార్డు కంటే నీ డిస్కు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువే పోయింది."

"ముప్ఫై ఏళ్లుగా క్లబ్బు గోడ మీద రికార్డు పక్కన మీ పేరే ఉంది. నాకేదోలా ఉంది."

"నాకు హాయిగా ఉంది. ఆ గోడకు రంగు వేసినప్పుడల్లా నా పేరు నేనే దిద్దుకోవాల్సి వచ్చేది. ఇక నీ పేరు నువ్వు దిద్దుకో."

"మరి ఆనవాయితీ? రికార్డు పోయినవాళ్లే అందరికీ వాఫుల్ అట్లు వేసి పెట్టాలి. ఇప్పటికిప్పుడు పిండెక్కడ తెస్తారు?"

"కారులో ఉంది, బకెట్టు నిండా. వాటి మీదకి బ్రౌన్ చీజు కూడా తెచ్చా."

"ఇవాళ రికార్డు కొడతానని మీకెలా తెలుసు?"

"తెలీదు. ఏప్రిల్ నుంచి ప్రతి బుధవారం పోటీకి పిండి కలుపుకొస్తూనే ఉన్నా."

"మరి మిగిలిన పిండంతా ఏం చేశారు?"

"పాపం, మా ఆయన గురువారాలు మూడు పూటలా అవే తింటున్నాడు. నువ్వు గెలవాలని నాకంటే ఎక్కువ మొక్కుకున్నది ఆయనే."