ఎడమ చేతి టెన్నిస్

తిరువూరులో ఒక ఫిజియోథెరపీ క్లినిక్. బల్ల మీద జోజిబాబు, పక్కన భార్య గ్లోరి, ఎదురుగా డాక్టర్ సాయిప్రసన్న.

“ఇక్కడ నొక్కితే?”

“అబ్బా!”

“ఇక్కడ?”

“అమ్మా! డాక్టర్ గారూ, నొప్పి ఎక్కడుందో మీకు తెలిసిపోయింది కదండీ. ఇంకా ఎందుకు నొక్కుతారు?”

“చూడాలి కదా జోజిబాబు గారూ. ఏదీ, పిడికిలి బిగించి చెయ్యి పైకి లేపండి.”

“లేవట్లేదండి.”

“పొద్దున బిందె కూడా లేవలేదండి డాక్టర్ గారూ. తాళం తిప్పలేరు, తువ్వాలు పిండలేరు. అడిగితే ఏం లేదు ఏం లేదు అంటారు. ఇక లాభం లేదని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చా.”

“ఈ చెయ్యే పట్టుకుని లాక్కొచ్చింది. అది కూడా రాసుకోండి.”

“తీసుకొచ్చి మంచి పని చేశారు గ్లోరి గారూ. ఇది టెన్నిస్ ఎల్బో.”

“టెన్నిసా?”

“పేరు అంతేనండి. టెన్నిస్ ఆడకపోయినా...”

“ఆడతా! ఆడతా డాక్టర్ గారూ. కరెక్టుగా చెప్పారు. టెన్నిసే. ఈ మధ్యే మొదలెట్టా.”

“మీరా? టెన్నిసా?”

“నీకు చెబుదామనే అనుకున్నా గ్లోరీ. కొంచెం చెయ్యి తిరిగాక చెబుదామని...”

“చెయ్యి బాగానే తిరిగినట్టుంది. తిరువూరులో టెన్నిస్ ఎక్కడాడతారండీ? ఎవరితో?”

“ఎవరితో అంటే... గోడతో.”

“గోడతోనా?”

“గోడకేసి కొడతాం. తిరిగొస్తది. మళ్ళీ కొడతాం. ప్రాక్టీసు.”

“ఏ గోడ?”

“పాత మిల్లు వెనక గోడ. శనివారం శనివారం.”

“శనివారం టెన్త్ పిల్లలకి స్పెషల్ క్లాసులన్నారు?”

“క్లాసులయ్యాక.”

“ఎవరు గెలుస్తున్నారు?”

“గోడే.”

“జోజిబాబు గారూ, నాదొక డౌటు. నొప్పి ఎడమ మోచేతికి కదా. ఎడమ చేత్తో ఆడతారా?”

“ఆ... ఎడమ చేత్తోనే.”

“అన్నం కుడి చేత్తో తింటారు. సుద్దముక్క కుడి చేత్తో పట్టుకుంటారు. టెన్నిస్ మాత్రం ఎడమ చేత్తోనా?”

“గోడ అటువైపు ఉంది గ్లోరీ. డాక్టర్ గారూ, మీరు నవ్వకండి.”

“నవ్వలేదండి. దగ్గొచ్చింది. అరచేతుల్లో ఈ కాయలేంటి?”

“బ్యాటు పట్టుకుని పట్టుకుని.”

“రెండు చేతులకీ ఉన్నాయి.”

“మారుస్తుంటా.”

“మోకాలు ఇంతలా గీరుకుపోయిందేంటి?”

“గోడ తగిలింది.”

“అయితే గోడ కూడా గట్టిగానే ఆడుతోందన్నమాట. సరే, వినండి. ఆరు వారాలు ఆ చేత్తో దేన్నీ బిగించి పట్టుకోకూడదు. ఐసు పెట్టుకోండి. నేను చెప్పే ఎక్సర్‌సైజులు చెయ్యండి.”

“ఆరు వారాలా! మరి ఆదివారం ఎలాగండీ?”

“ఆదివారం ఏముంది?”

“ఆదివారం... మందిరం.”

“మందిరానికి మోచేత్తో పనేంటండీ?”

“పాటలప్పుడు చప్పట్లు కొట్టాలి కదా గ్లోరీ!”

“మీరు చప్పట్లు కొట్టకపోతే ప్రభువేం అనుకోడు. నిజం చెప్పండి, ఆదివారం ఏముంది?”

“చిన్న పోటీ.”

“గోడతోనా? మీ మిల్లు గోడ ఒక్కటేనా, చుట్టుపక్కల గోడలన్నీ వస్తున్నాయా?”

“ఎందుకలా పొడుస్తావు? అసలే నొప్పిగా ఉంటే.”

“ఆగండాగండి. ముందు ఎక్సర్‌సైజు చూపిస్తాను. గ్లోరి గారూ, ఈ తువ్వాలు ఆ కొస మీరు పట్టుకోండి, ఈ కొస ఆయన. నెమ్మదిగా మెలిపెట్టాలి.”

“నేనా? నేనెందుకండీ?”

“ఇంట్లో చేయించేది మీరే కదా. రెండు చేతులతో పట్టుకోండి.”

“బ్యాగుందండి చేతిలో.”

“బ్యాగు కింద పెట్టొచ్చుగా గ్లోరీ.”

“కింద పెట్టకూడదు. కస్టమర్లకి కుట్టిన బ్లౌజులున్నాయి. డాక్టర్ గారూ, నేను చూసి నేర్చుకుంటా. మీరే చేయించండి.”

“సరే. జోజిబాబు గారూ, ఇటు తిరగండి. ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మా తమ్ముడు శశాంక్ కొండల్లో మట్టి బండి, అదే డర్ట్ బైకు, తోలతాడు. వాడికీ ఇలాగే ఎడమ మోచెయ్యి పట్టేసింది. హ్యాండిల్ గట్టిగా బిగించి, అస్తమానం క్లచ్చు...”

“ఆ మాట అనకండి డాక్టర్ గారూ!”

“ఏ మాట?”

“క్లచ్చు.”

“ఏవండీ? మిమ్మల్నే.”

“అమ్మలేదు గ్లోరీ.”

“ఏది?”

“బండి.”

“ఏ బండి?”

“నీకు తెలుసు ఏ బండో.”

“నాకెలా తెలుస్తది? నాకు తెలిసిన బండి పోయినేడు అమ్మేశారు. గంపలగూడెం ఆయనెవరో కొనుక్కున్నాడు. డాక్టర్ గారూ, మీరే వినండి. ఈయన మట్టి బండి మీంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పిన ఆదివారం మందిరంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పారు. ‘ప్రభువు నన్ను ఆ రెండు చక్రాల నుంచి విడిపించాడు’ అని! సంఘమంతా స్తోత్రం, స్తోత్రం! పాస్టర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మ హన్నమ్మ, ఈయనంటే అస్సలు పడని మనిషి, ఆ రోజు ఈయన కోసం కోడిని కోయించింది.”

“సాక్ష్యం చెప్పేటప్పుడు నిజంగానే అమ్ముదామనుకున్నా గ్లోరీ. నీ మీదొట్టు.”

“మరి?”

“కోడికూర తినేశాక మనసు మారింది.”

“ఇప్పుడెక్కడుంది?”

“విస్సన్నపేట రోడ్డులో. నా ఫ్రెండు నవీన్ లేడూ, వాళ్ళ మామిడితోటలో, మోటారు షెడ్డులో. ఆదివారం ఆరాధన అయ్యాక ఎ.కొండూరు అవతల కొండెక్కే పోటీ ఉంది. గ్లోరీ, నన్ను తిట్టు, కొట్టు, సంఘం నుంచి తీసేయించు. ఈ ఒక్క ఆదివారం వదిలెయ్యి. బళ్ళో నా మాట ఎవరూ వినరు. పిల్లలు వినరు, హెడ్మాస్టరు వినడు. ఇంట్లో సంగతి నీకు తెలిసిందే. ఆ బండి ఒక్కటే నేను ఎటు తిప్పితే అటు తిరుగుద్ది. వచ్చే ఏడాదికి ఈ ఒంట్లో ఆ ఓపిక ఉంటదో ఉండదో. ఆ కొండ చివరిదాకా ఒక్కసారి ఎక్కితే చాలు, నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంటది.”

“ఉంటదండీ. ఆ నల్లరాయి దాటగానే మొహానికి చల్లగాలి కొడితే...”

“నల్లరాయి సంగతి నీకెవరు చెప్పారు?”

“మీరే ఎప్పుడో చెప్పుంటారు.”

“నేనెప్పుడు చెప్పా?”

“నిద్రలో కలవరించి ఉంటారు. అది వదిలెయ్యండి. అసలు కొండ మీద హ్యాండిల్ పట్టుకుని వేలాడితే మోచెయ్యి పోదా మరి? ట్యాంకుని మోకాళ్ళతో నొక్కి పట్టుకోవాలి గానీ.”

“కరెక్టుగా చెప్పారు గ్లోరి గారూ! మా తమ్ముడికి నేను రోజూ చెప్పేది అదే.”

“నీకెలా తెలుసు ఇదంతా?”

“ఫోన్లో వీడియోలు వస్తాయి కదండీ. ముందు నవీన్ అన్నయ్య సంగతి చెప్పండి. ఇంటికి రావడం మానేశాడేంటి?”

“వాడి పేరెత్తకు. ట్యాంకు నిండా పోయించి పెట్టొస్తా. మళ్ళీ వెళ్ళేసరికి సగం ఉండదు. క్లచ్చు లివరు నా వేళ్ళకి సరిపడేట్టు దూరంగా పెట్టుకుంటానా, మళ్ళీ చూస్తే హ్యాండిల్‌కి అతుక్కుపోయి ఉంటది. దాన్ని సరిచేసి బిగించి బిగించే సగం నొప్పొచ్చింది నాకు.”

“మీ వేళ్ళు పొడుగు. అంత దూరం పెడితే అందరికీ అందుద్దా?”

“అందరూ ఎవరు? నవీన్ గాడి వేళ్ళు నా వేళ్ళకన్నా పొడుగు. అది కాదు, హెల్మెట్‌లో జడపిన్ను దొరికింది నాకు! వాడికింకా పెళ్ళి కూడా కాలేదు. ఎవరినిరా నా బండి మీద తిప్పుతున్నావని కాలరు పట్టుకున్నా.”

“అయ్యో! కాలరు పట్టుకున్నారా? అన్నయ్యని?”

“పట్టుకోనా మరి? నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు వెధవ. చెప్పకూడదని ఎవరో ఒట్టేయించుకున్నట్టు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.”

“పాపం. మంచివాడు. సాయంత్రం ఇంటికి పిలిచి అన్నం పెట్టాలి. డాక్టర్ గారూ, ఇంతకీ ఈయన ఆదివారం బండెక్కకూడదు కదా? ఖాయమేనా?”

“ఖాయమండి.”

“పట్టీ ఏదో ఉంటదంట కదా? అది కట్టుకున్నా కుదరదా?”

“అడుగు గ్లోరీ, అడుగు! దేవతవి నువ్వు!”

“పట్టీ ఉందండి. మోచేతి కింద బిగిస్తే నరం మీద భారం తగ్గుతుంది. నొప్పి కొత్తగా మొదలైనవాళ్ళయితే ఒక పూట ఎలాగో లాగేయొచ్చు. ఈయనది ముదిరిపోయింది.”

“కొత్తగా అంటే?”

“ఒక వారం, రెండు వారాలు.”

“విన్నారా? మీది ముదిరిపోయిందంట.”

“విన్నా. ఇక దేవుడే వద్దంటున్నాడనుకుంటా. ఇదిగో గ్లోరీ, బండి తాళం. నిజంగానే అమ్మెయ్యి. వచ్చే వారం మళ్ళీ సాక్ష్యం చెబుతా. ఈసారి కోడిని ముట్టను.”

“తాళం మీ దగ్గరే ఉంచుకోండి. నా దగ్గర ఉంది.”

“నీ దగ్గరెలా ఉంటది?”

“బండి అమ్మినవాళ్ళు రెండో తాళం కూడా ఇచ్చేస్తారండీ. మీరు దాన్ని బీరువాలో నా చీరల కింద వదిలేశారు. ఒకరోజు దొరికింది. నవీన్ అన్నయ్యని నిలదీస్తే షెడ్డు చూపించాడు. పీడ వదిలిద్దాం, నేనే అమ్మేద్దామని వెళ్ళా. స్టార్టవుద్దో లేదోనని ఒక్క కిక్కు కొట్టా. స్టార్టయ్యాక ఊరికే నిలబడితే ఏం బాగుంటదని తోట చుట్టూ ఒక్క రౌండు...”

“గ్లోరీ! బ్లౌజులిచ్చి రావడానికని విస్సన్నపేట వెళ్ళేదానివి...”

“మీ గోడ ఉన్నట్టే నా బ్లౌజులూనూ. డాక్టర్ గారూ, ఆ పట్టీ నా చేతికి సరిపడేది ఒకటివ్వండి. ఎడమ చేతికే. నాకు మొదలై రెండు వారాలే అయింది, ఆదివారం కొండెక్కేసి వస్తా.”