ఇంకొక్క పావుగంట

కోటేశ్వరి అని ఒకామె ఉండేదంట రాట్నాలపాలెంలో. నేతపనోళ్ళు. మొగుడు శేషగిరి చీరల మూటలెత్తుకుని ఎగ్జిబిషన్లని ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్పనుకో. ఇక ఇంట్లో మిగిలింది ఎవరయ్యా అంటే ఈమె, ఈమె కూతురు జోషిత, పదేళ్ళ పిల్ల. ముసలామె ఒకతి ఉండేది, శేషగిరి తల్లి, భావనమ్మ. ఆమె పోయి అప్పటికి ఏడు నెలలు. ఆమె సంగతి తర్వాత చెప్తాను, తొందరపడమాకండి. ఆ ఇంట్లో ఒక కంప్యూటరు ఉండేదంట. శేషగిరి చీర అంచులకి నెమళ్ళనీ, మామిడిపిందెలనీ అందులో గీసుకునేవాడు. దాన్ని ఎక్కడ పెట్టారంటే మగ్గం గదిలో పెట్టారు, ప్లగ్గు అక్కడే ఉంది మరి. బల్ల మీద కంప్యూటరు, దానెనకమాల ముసలామె గుంట మగ్గం. అంటే పిల్ల కుర్చీలో కూర్చుంటే వీపు మగ్గం వైపు ఉంటదన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి.

ఏమైందంటే, నాయనమ్మ పోయిన కాడ్నించి పిల్ల ఆ కంప్యూటరుకి అంటుకుపోయింది. ఇళ్ళు కట్టే ఆట ఏదో ఉంటదంట అందులో. ఇటికెల మీద ఇటికెలు పేర్చుకుంటా పోవడమే. బడి నుంచి రావడం, సంచి విసిరేయడం, కూర్చోవడం. అన్నానికి పిలిస్తే రాదు, నీళ్ళు పోసుకోవే అంటే పోసుకోదు. కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. పరీక్షలో లెక్కలకి పదిహేను వచ్చినయ్యంట, వందకి. కోటేశ్వరి తిట్టింది, కొట్టింది, వైరు పీకి బియ్యం డబ్బాలో దాచింది. పిల్ల బియ్యం డబ్బా బోర్లించి వైరు తీసుకుంది. అప్పుడెవరో చెప్పారంట, ఓసి పిచ్చిదానా, దానికి తాళం వేసే ఏర్పాటు దాన్లోనే ఉంటదే, టైము పెడితే అదే ఆగిపోద్ది అని. నవ్వమాకరా, మీ ఇంట్లోనూ ఉందిగా, నాకు తెలీదా.

సరే, కంప్యూటర్ షాపాయన ఇంటికొచ్చాడు. ఎంతసేపు పెట్టమంటావమ్మా అన్నాడు. కోటేశ్వరి ఏమీ ఆలోచించకుండా అరగంట అంది. నాలుగింటి నుంచి నాలుగున్నర దాకా. ఆమె నోటికి ఆ లెక్క ఎందుకొచ్చిందో ఆమెకి ఆ పూట తట్టలేదు, తర్వాత తట్టింది. ఆయన చెప్పాడంట, నాలుగున్నర కాంగానే కంప్యూటరు అద్దం నల్లగా అయిపోద్దమ్మా. పాప ఇంకాసేపు కావాలంటే ఒక మీట నొక్కి అడుగుద్ది. అడిగితే ఇంట్లో ఇద్దరు పెద్దోళ్ళ ఫోన్లకి మెసేజి వస్తది. ఎవరో ఒకరు సరే అంటే ఇంకో పావుగంట, వద్దంటే లేదు, అంతే. నీ నంబరు చెప్పు, ఇంకో పెద్దోళ్ళది చెప్పు అన్నాడు. శేషగిరి నంబరు చెప్పొచ్చుగా? చెప్పాలి. కానీ గ్యాసు బండకైనా, రేషను కార్డుకైనా, బళ్ళో కాగితానికైనా ఆ ఇంట్లో ఇచ్చే నంబరు ఒకటే, భావనమ్మది. ఇంటికి పెద్దది కదా. పదేళ్ళ అలవాటు, నంబరు దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. షాపాయన నొక్కేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరిగినాక గుర్తొచ్చింది కోటేశ్వరికి, అయ్యో, అత్తది ఇచ్చానే అని. మళ్ళీ తనే అనుకుంది, పోనీలే, ఆ ఫోన్లోంచి ఇప్పుడెవరు సరే అంటారు, ఒకందుకు మంచిదే అని.

మొదటిరోజు నాలుగున్నరకి అద్దం నల్లబడింది. పిల్ల ఏడ్చింది, కాళ్ళు తపతప కొట్టుకుంది, అడిగే మీట నొక్కింది. కోటేశ్వరి ఫోను టింగుమంది. వద్దు అని కొట్టింది. రెండోరోజూ అంతే. మూడోరోజు కోటేశ్వరి పొయ్యి కాడ ఉంది, టింగుమంది, తడిచెయ్యి తుడుచుకుని వద్దు కొట్టబోయేసరికి ఇంకోటి వచ్చిపడిందంట. ఏమనీ? ‘రెండవ పెద్దవారు సరే అన్నారు. పావుగంట ఇవ్వబడినది.’ అచ్చ తెలుగులోనే. ఈమె ఏమనుకుందీ, పిల్ల ముసలామె ఫోను ఎక్కడో సంపాదించి నొక్కుతుందిరా అనుకుంది. చీపురు తిరగేసి పట్టుకుని మగ్గం గదిలోకి పోయింది. ముసలామె ఫోను ఎక్కడుంటదో తెలుసు, మగ్గం గుంటలో, కాళ్ళు పెట్టే చోట పక్కన గోడకి చిన్న గూడుంది, అందులో ఆకువక్కల డబ్బా, డబ్బాలో ఫోను. వంగి చూస్తే డబ్బా మీద సాలెగూడు అట్టాగే ఉంది, చిరగలేదు. లోపల ఫోను చచ్చి పడుంది, బ్యాటరీ ఉబ్బిపోయుంది. కోటేశ్వరి ఆ బ్యాటరీ పీకి కొంగున ముడేసుకుంది. మర్నాడు నాలుగున్నరకి బ్యాటరీ ఆమె కొంగులోనే ఉంది. టింగుమంది. రెండవ పెద్దవారు సరే అన్నారు.

షాపాయనకి ఫోన్ చేసింది. ఏందయ్యా నువ్వు చేసింది అంది. ఆయన తన కంప్యూటర్లో ఏదో చూసి, అమ్మా, ఆ నంబరు డబ్బులు కట్టక కంపెనీవోళ్ళు ఎప్పుడో తీసేశారమ్మా, నేను ఇక్కణ్ణుంచి దాన్ని కొట్టేశాను కూడా, ఇప్పుడు నీ ఒక్కదాని నంబరే ఉంది అన్నాడు. హమ్మయ్య అనుకుంది. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ పావుగంట ఇచ్చారు. ఈసారి ఆమె పిల్లని గట్టిగా పట్టుకుని అడిగింది, ఎవరే ఇచ్చేది, నిజం చెప్పు. పిల్ల తల కూడా తిప్పకుండా చెప్పిందంట, నాయనమ్మ ఇస్తంది అని. పెన్సిలిచ్చిందన్నట్టు, పిప్పరమెంటు ఇచ్చిందన్నట్టు, అంత మామూలుగా.

అక్కడ్నించి పిల్ల మారిపోతా వచ్చింది. జడేస్తుంటే జుట్టులోంచి గంజి వాసన, నేతలో పడుగు దారాలకి పెట్టే గంజి వాసన. ఆ ఇంట్లో గంజి కాచి ఏడు నెలలైంది. అన్నం ముందు కూర్చుంటే తినదు, బొటనేలూ చూపుడేలూ కలిపి లేని దారాన్ని పురి పెడుతుంటది. పొడిదగ్గు పట్టుకుంది. టౌనుకి తీసుకెళ్ళి ఫోటో తీయిస్తే, ఊపిరితిత్తులు అద్దంలాగున్నాయమ్మా, దగ్గు రావడానికేం లేదు అన్నాడు డాక్టరు. ఒకరోజు కోటేశ్వరి గిన్నెలు తోముకుంటుంటే వెనకనించి, ‘అమ్మాయ్, కాసిని మంచినీళ్ళియ్యి’ అని వినపడింది. చేతిలో గిన్నె జారిపోయింది. ఆ ఇంట్లో ఆమెని అమ్మాయ్ అని పిలిచిన మనిషి ఒక్కతే. తిరిగి చూస్తే గుమ్మంలో పిల్ల నిలబడుంది, చెయ్యి నడుం మీద పెట్టుకుని.

ఉండండి, నన్నూ ఓ గుక్క తాగనీండి... ఆఁ. ఆ మర్నాడు కోటేశ్వరి పొయ్యి ఆర్పేసి, నాలుగింటికే పోయి పిల్ల కుర్చీ వెనకమాల నుంచుంది. పిల్ల ఆడుకుంటంది. నాలుగున్నర అయింది, అద్దం నల్లబడింది. టింగుమంది, పావుగంట ఇచ్చారు. ఇస్తే అద్దం వెలగాలి కదా? వెలగలేదు. నల్లగానే ఉంది. పిల్ల ఆ నల్లటి అద్దంలోకే చూస్తా కూర్చుంది. అంటే ఇన్నాళ్ళూ ఇచ్చిన పావుగంట ఆటకి కాదన్నమాట. పిల్ల కుడిచెయ్యి గాల్లో గుండ్రంగా తిరుగుతుంది, రాట్నం తిప్పినట్టు. ఏం చేస్తున్నావే అంది కోటేశ్వరి. ‘కండెలు చుడుతున్నా. నాయనమ్మ నాడెలోకి దారం కండెలు అయిపోయినయ్యంట.’ అప్పుడు చూసింది ఆమె అద్దంలోకి. పిల్ల మొహం కనపడుతుంది, తన మొహం కనపడుతుంది, వెనక మగ్గం కనపడుతుంది. మగ్గం మీద తను కప్పిన పాత పంచె అద్దంలో లేదు. గుంటలో తొక్కుడు చెక్కలు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకటి పైకి, ఒకటి కిందికి. గిరుక్కున తిరిగి చూస్తే పంచె కప్పినట్టే ఉంది, దుమ్ము దుమ్ముగా, మగ్గం కదలట్లేదు. మళ్ళీ అద్దంలో చూస్తే కదులుతుంది.

ఇప్పుడు చెప్తా ముసలామె సంగతి. భావనమ్మకి పోయేముందు ఛాతీ జబ్బు చేసింది, పెద్ద దగ్గు. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దన్నారు డాక్టర్లు. ముసలామెకి మనవరాలంటే ప్రాణం, పిల్లకీ అంతే, బడి నుంచి రాంగానే రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టిపెట్టేది. కోటేశ్వరి ఏం చేస్తది? అటు అత్త, ఇటు కూతురు. ముక్కుకి గుడ్డ కట్టి, దూరంగా కూర్చోబెట్టి, అరగంట పెట్టింది. నాలుగింటి నుంచి నాలుగున్నర. ఫోనులో అలారం పెట్టేది, మోగంగానే పిల్లని రెక్క పట్టుకుని తీసుకుపోయేది. తప్పు చేసిందా? తప్పు చేయలేదు, నేనూ అదే చేసేదాన్ని. ఆఖరి రోజున అలారం మోగితే ముసలామె అందంట, ‘ఇంకొక్క పావుగంట ఉండనీ అమ్మాయ్, ఇంకో జానెడు నేస్తే చీర అయిపోద్ది, పిల్ల చేత్తో కోయిస్తా.’ కోటేశ్వరి, రేపు కోయిద్దువులే అత్తా అని పిల్లని లాక్కెళ్ళింది. పావుగంట తర్వాత టీ తీసుకొచ్చి చూస్తే ముసలామె మగ్గం మీద వాలిపోయుంది, దారం అటూ ఇటూ విసిరే నాడె చేతిలో చేతిలోనే ఉంది. మా నేతోళ్ళలో పద్ధతేందంటే, మనిషి పోతే ఆ మనిషి పడుగు మగ్గం మీద మిగలకూడదు. పెద్దకర్మ లోపల ఇంట్లోవాళ్ళు గుంటలో దిగి ఆ గుడ్డ ముగించి కోసెయ్యాలి. కోటేశ్వరి దిగలేకపోయింది. ఆ జానెడు నేస్తే పావుగంట పడుద్ది, ఆ పావుగంటే తను ఇవ్వనిది. ఎట్టా దిగుద్ది? మగ్గం మీద పాత పంచె కప్పేసింది. అందరూ అడిగితే, నేశాను అని అబద్ధం చెప్పింది.

ఆ శనివారం పిల్ల జ్వరంతో మూలిగింది. మూలుగుతా మూలుగుతా చెప్పిందంట, ‘అమ్మా, రేపు ఆదివారం కదా, నాయనమ్మ రోజంతా ఇస్తానంది. సోమవారం కూడా ఇస్తానంది. ఇంక నువ్వు పిలవకూడదంట.’  పిల్ల తనది కాకుండా పోతందని కోటేశ్వరికి తెలిసిపోయింది. రాత్రంతా పిల్లని కౌగిలించుకుని పడుకుంది, ఆ గంజి వాసనలోనే.

ఆదివారం నాలుగింటికి మగ్గం గదిలోకి పోయింది. పంచె తీసి దులిపింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంటలో దిగింది. ఏడు నెలలుగా ఎవరూ కాలు పెట్టని గుంట అది, తొక్కుడు చెక్కలు వెచ్చగా ఉన్నయ్యంట. ఇప్పుడే ఎవరో కాళ్ళు తీసినంత వెచ్చగా. దిగినామె దిగినట్టే ఉంది, లేవలేదు. పిల్లని పిలిచింది, జోషితా, ఆ కంప్యూటరు వైపు కాదు, ఇటు తిరిగి కూర్చో, రాట్నం తిప్పు అంది. పిల్ల వచ్చి నిజం రాట్నం ముందు కూర్చుంది. గోడ గడియారం నాలుగున్నర కొట్టింది. కోటేశ్వరి పైకే చెప్పింది, ‘అత్తా, ఇదిగో, పావుగంట. పిల్ల నీ దగ్గరే ఉంది. నేను పిలవను.’ నాడె విసిరింది. టక్కు టక్కు టక్కు. పిల్ల కండె చుట్టి ఇస్తంది, ఈమె వేస్తంది. అడ్డం దారం, అదే పేక, ఒకటి తను వేస్తే, ఒకటి దానంతటదే పడుతుందంట, అంత తొందరగా జానెడూ అయిపోయింది. పిల్ల చేతికి కత్తెరిచ్చింది. పిల్ల కోసింది. కోసీ కోయంగానే బల్ల మీద కంప్యూటరు ఒకసారి వెలిగి, ‘సమయం అయిపోయినది’ అని చూపించి ఆరిపోయింది. పావు తక్కువ అయిదు. పిల్ల కళ్ళు నలుపుకుని చుట్టూ చూసి, అమ్మా ఆకలేస్తంది అంది. ఎన్నాళ్ళకి అన్న మాటో. కోటేశ్వరి గుంటలో కూర్చునే భోరుమని ఏడ్చింది.

పిల్లని వంటింట్లోకి పంపించి ఏం చేసిందీ, కంప్యూటరు ముందు కూర్చుంది. నల్లటి అద్దంలో తన మొహమొక్కటే ఉంది, వెనక మగ్గం ఊరికే ఉంది. అడిగే మీట తనే నొక్కింది. ‘అత్తా, ఇంకొక్క పావుగంట ఉండు. నీతో చెప్పుకోవాల్సింది ఉంది’ అంది. కొంగులో ఫోను టింగుమంది. ‘రెండవ పెద్దవారు వద్దన్నారు.’ అంతే. మళ్ళీ ఎప్పుడూ రాలేదంట.

పగబట్టి వద్దంది అంటారు కొందరు. మా మేనత్త ఈ కథ చెప్పి అట్టాగే అనేది. నేను ఒప్పుకోను. పిల్ల ఆకలన్నది కదా, ముందు దానికి అన్నం పెట్టుపో అని అంది ఆ ముసలామె. మీకెట్టా తోస్తే అట్టా అనుకోండి. సరే, అయిపోయింది, లేవండి. అదిగో మా కోడలు ఇందాకట్నించి గుమ్మంలో నుంచోనుంది, నా దగ్గు విన్నప్పుడల్లా మిమ్మల్ని చూస్తంది, గడియారం చూస్తంది. ఇంకొక్క పావుగంట ఉండనీ అమ్మాయ్, వీళ్ళని. ఏం, ఉండనిస్తావా?