అధ్యక్షుడి హ్యాండ్‌బ్యాగ్

హలో… ఆ, నేనే. మీ ఆయన్నే. ఇంకెవరు ఎత్తుతారు?

…ఇప్పుడే వచ్చా. కుట్టుషాపు ఇవాళ తెరవలేదు. ఇంతకీ నీ ట్యాంకులు ఎన్నింటికి బయల్దేరుతున్నాయి?… చెప్పకూడదా. సరే, అడగలేదనుకో.

…వెళ్లాను కదా భార్యల సంఘం మీటింగుకి. కమాండర్ గారు ఆర్డరేస్తే వెళ్లకుండా ఉంటానా?

ఏళ్లుగా నాకో అనుమానం ఉండేది తెలుసా… సైనికుల భార్యలంతా టీ తాగుతూ అంతసేపు ఏం మాట్లాడుకుంటారా అని. …నవ్వకు. ఇవాళ తీరింది.

…హాలు నిండా ఆడవాళ్లే. మగాణ్ణి నేనొక్కణ్ణి. టీ ఇచ్చేవాణ్ణనుకుని ఒకావిడ నా చేతిలో ఖాళీ కప్పు పెట్టింది… ఏం చేస్తాను, తీసుకెళ్లి కడిగా. కాసేపటికి నన్నే స్టేజీ మీదికి పిలిచారు. ఆ కప్పావిడ మొహం నువ్వు చూడాల్సింది.

…మరి ఇన్నాళ్లూ కమాండర్ గారి భార్యే కదా ఆ సంఘానికి అధ్యక్షురాలు. నువ్వేమో మొదటి ఆడ కమాండర్‌వి అయి కూర్చున్నావు. ఆ కుర్చీ నా నెత్తి మీద పడింది.

…బహుమతా? ఇచ్చారు. పూసల హ్యాండ్‌బ్యాగ్… ఒట్టు. కొత్త అధ్యక్షురాలికని ముందే కొనేసి పెట్టుకున్నారట, పాపం. చంకలో పెట్టుకుని వీధంతా నడిచొచ్చా. గేటు దగ్గర కాపలా అతను సెల్యూట్ కొట్టాడు— నాకో, బ్యాగుకో తెలీదు. నా కత్తెర, కొలతల టేపు మాత్రం అందులో భలే పట్టాయి.

…విను, పూర్తిగా విను. 'బట్టలు కుట్టుకునేవాణ్ణి, నాకెందుకమ్మా ఇవన్నీ' అనేసి వచ్చేద్దామనే వెళ్లా. కానీ…

వాళ్లు యుద్ధం మాటే ఎత్తరు. పిల్లల దగ్గు, గ్యాస్ బండ, అత్తగారి మీద చాడీలు… ఎవరిదైనా ఫోను మోగిందా, హాలంతా గప్‌చుప్. అందరి కళ్లూ దాని మీదే. ఆ ఫోనెత్తినావిడ నవ్వితే గానీ మళ్లీ కప్పులు కదలవు.

…ఊఁ. ఇంట్లో నేనొక్కణ్ణే చేసే పని, అక్కడ అందరూ కలిసి చేస్తున్నారు.

…ఒప్పుకున్నా. ఒక కొత్త పెళ్లికూతురు వల్ల… నీ ట్యాంకు గన్నర్ భార్యేనట. పక్కకొచ్చి మెల్లిగా అడిగింది, 'అన్నయ్యా, మీ ఆవిడ మా ఆయన్ని జాగ్రత్తగా తీసుకొస్తారా' అని.

…ఏమంటాను? 'మా ఆవిడ బజారుకెళ్తే సంచి మర్చిపోతుంది, గొడుగు మర్చిపోతుంది, ఒక్కోసారి నన్నూ మర్చిపోతుంది. తన వెంట వచ్చిన సిపాయిని మాత్రం మర్చిపోదమ్మా' అన్నా.

…హలో?… ఉన్నావా?… కంట్లో దుమ్ము పడి ఉంటుందిలే. ట్యాంకుల దగ్గర దుమ్మెక్కువ కదా.

…రోజూ దేవుడికి నీ ఒక్కదాని మాటే చెప్పుకునేవాణ్ణి. ఇవాళ నీ వెనకాల వచ్చే వాళ్లందరి మాటా చెప్పా. ఒకేసారి అంతమందంటే ఆయన విసుక్కుంటాడంటావా?… ఆఁ, నేనూ అదే అనుకున్నా.

…పిలుస్తున్నారా? ఆగాగు. నీకో బాకీ ఉన్నా… మర్చిపోయావా? నీ భుజం మీద మొదటి నక్షత్రం నేనే కుట్టా చూడు, ఆ రోజు 'ఏదీ, సెల్యూట్ కొట్టండి' అంటే ఏమన్నాను?… కదా. 'నీకంటూ ఒక దళం వచ్చాక కొడతా' అన్నా. ఆడవాళ్లకి దళం ఇచ్చే రోజులా అవి, తప్పించుకున్నాననే అనుకున్నా.

…సెల్యూట్ కనపడకపోతేనేం, వినపడుతుందిగా. బూట్లు ఇంకా విప్పలేదు.

…కుడిచేతిలో ఫోనుంది. ఎడంచేతిలో బ్యాగు… ఏంటీ, బ్యాగు కింద పెట్టాలా? అధ్యక్షుడి బ్యాగు కింద పెడతారా ఎవరైనా?

ఫోనే పెడుతున్నా, బల్ల మీద. బూటు చప్పుడు వినిపించాకే కట్ చెయ్యి—