సుంకులమ్మ ముట్టిన ఆకు

సుంకులమ్మని ఒక ముసల్ది ఉండె. మొగుడు ఎప్పుడో పాయె, ఒక్కడే కొడుకు మద్దిలేటి. ఉండేది మూడెకరాల శెనక్కాయ చేను. ఆ యమ్మ యేం జేసేదంటే, చేను సుట్టూ ఆముదం చెట్లు యేసేది. ఆముదాల కోసరం గాదబ్బీ, పురుగు కోసరం. లద్దెపురుగు రెక్కలొచ్చి గుడ్లు పెట్టను తిరుగుతాది సూడు, దానికి ఆముదపాకు కనపడితే శెనక్కాయ పక్క సూడదంట. ఆ ఆకు కిందనే కుప్పగా పెట్టేస్తాదంట. ముసల్ది పొద్దున్నే లేసి గెనిమె గట్టు ఎంబడే పోయి ఆకు తిరగేసేది, గుడ్లుంటే పీకేది, గుంతలో ఏసి తొక్కేది. తిరగేసేది, పీకేది, తొక్కేది. ఇట్ల ముప్పై యేండ్లు. ఊర్లో అందరి చేన్లు పురుగు తిన్నా ఆ యమ్మ చేను పచ్చగా ఉండేదంట.

ఆ యేడు ఏమైందంటే, ఆముదాలకు మంచి ధర పలికె. మద్దిలేటికి ఆశ పుట్టె. సూస్తే తల్లి ఆకులు పీకుతాంది. యేమ్మా, బుద్ధుందా నీకు, ఆకులన్నీ పీకితే గెలలు యాడ పడతాయి అనె. "గుడ్లు రా నాయనా, ఇయ్యి పీకకపోతే పురుగును మనమే సాకినట్టు" అనె ఆ యమ్మ. వాడు ఇంటాడా? పదిమంది సూస్తాండంగా, "ఇంగ నువ్వు ఒక్కాకు ముట్టినా నా మీద ఒట్టు, నా పీనుగను సూసినట్టే" అనేసె. అనేసి పాయె. ఆ యమ్మ ఇంగ ఆకు ముట్టల్యా. ఒక్కగానొక్క కొడుకు గదా. దినామూ గెనిమె మింద నిలబడి సూసేది. గుడ్లు పగిలి, పిల్లపురుగులు గీకి గీకి ఆకులు జల్లెడైతాండాయి. చెయ్యి జాపితే అందుతాది, జాపల్యా. "ఒట్టు తియ్యి నాయనా, నీ కాలు మొక్కుతా" అని ఏడిసెనంట. వాడు తియ్యల్యా.

పదిహేనో దినానికి ఆముదం మోడైపాయె, పురుగు శెనక్కాయలోకి దిగె. ఇంగ తట్టుకోల్యాక ఆ యమ్మ చేన్లో పడి కొంగునిండా ఆకులు పీకెనంట. యాడని పీకుతాది? చేనంతా పురుగే. మద్దిలేటి టౌనుకు పోయి మందు తెచ్చె. మిట్టమద్యాన్నం, మూతికి గుడ్డ ల్యాకుండా, గాలికెదురు నిలబడి పంపు కొట్టె. సగం చేను కొట్టినంక కక్కుకొని పడిపాయె. ఆస్పత్రి చేరకముందే పానం పాయె.

మందు పీల్చి సచ్చినాడని డాక్టరు జెప్పె, ఊరంతా జెప్పె. ఆ యమ్మ ఇనల్యా. "నేను ఆకు ముట్టినా, నా కొడుకును నేనే తింటి" అనె. ఇప్పటికీ అదే మాట. కూరాకు గూడా చేత్తో తుంచదంట, పక్కింటోళ్లు తుంచియ్యాల. నేనేమంటానంటే, వాడు సచ్చింది మందుకే. అయితే ఆ మాట ఆ యమ్మకు జెప్పి ఒప్పించేటోడు ఈ ఊర్లో పుట్టల్యా. ఒట్టు పెట్టేటోనికేం, నోరు తెరిస్తే సరిపాయె. మోసేది ఎవురు? సరే, లేయండి లేయండి, ఎండెక్కె, మీ పనులు సూసుకోండి.