వీధి దాకా పాకిన వానపాము

వానపాముల మాస్టారు అబద్ధాలాడతాడని కాలేజీలో ఎవరూ అనరు. గోరంతని కొండంత చేస్తాడంటారు, అంతే. ఆయన జంతుశాస్త్రం చెబుతాడు. ముప్పై ఏళ్లుగా వానపాముల్నే చూస్తూ కూర్చున్నాడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ సోమవారం మధ్యాహ్నం కాలేజీ క్యాంటీన్లో మూల బల్ల దగ్గర లైబ్రేరియన్ ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టింది. కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయని, సిబ్బంది సాధించినవన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. ఆ పని ఆవిడ నెత్తిన పడింది. తలా ఒక పేజీ. రాసిన ప్రతిదానికీ కాగితమైనా చూపించాలి, కళ్లారా చూసిన మనిషి సంతకమైనా ఉండాలి. నాలుగింటికల్లా ఫైలు ప్రిన్సిపాల్ గదికి వెళ్లాలి. పేజీ ఖాళీగా ఉన్నవాళ్ల పరిశోధన గదులు కొత్త కంప్యూటర్లకి ఇచ్చేస్తారని అప్పటికే చెప్పేశారు.

అందరి పేజీలూ నిండాయి, మాస్టారిది తప్ప. వెనక వరండా చివర ఆయన గదిలో పద్దెనిమిది మట్టి తొట్లున్నాయి, వాటి నిండా వానపాములు. లైబ్రరీ ముందున్న మొక్కలు అంత ఏపుగా పెరిగాయంటే ఆ తొట్లలో మట్టి చలవే. ఏళ్ల తరబడి అడక్కుండానే తెచ్చి పోసిన మనిషి. అందుకే ఆవిడకి పొద్దున్నుంచీ గుబులుగా ఉంది.

"ఒక్కటి చెప్పండి మాస్టారూ, చాలు. ఎక్కడ మాట్లాడారు, ఎవరు విన్నారు," అంది.

"ఒక్కటేమిటమ్మా, సముద్రాన్ని చెంబుతో అడుగుతున్నావు," అని ఆయన టీ గ్లాసు పక్కకి జరిపాడు.

ఆ గ్లాసు జరగడం చూసి హెడ్ క్లర్కు తన కుర్చీ ఇటు తిప్పేసుకున్నాడు. క్యాంటీన్ మధ్యలో నిచ్చెనెక్కి ఫ్యాను విప్పుతున్న ఎలక్ట్రీషియన్‌కి మాత్రం ఈ సంగతులేవీ తెలీవు. అతను ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు.

"పదిహేనేళ్ల కిందటి మాట. పక్క ఊళ్లో నేలల మీద సదస్సు. నన్ను రమ్మన్నారు. గొప్పకి చెప్పడం లేదు, రమ్మన్నారు గనక వెళ్లాను. సరిగ్గా ఒంటిగంటకి నా వంతు. భోజనాల వేళ కదా, ఎవరుంటారంటావేమో. ఇసకేస్తే రాలదు."

"అన్నాలు మానేసే?" అన్నాడు క్లర్కు.

"మానెయ్యడమేంటయ్యా, వంటవాళ్లే గరిటెలు పట్టుకొచ్చి వెనకాల నిలబడ్డారు. అధ్యక్షుడు తన కుర్చీ ఒక ముసలాయనకిచ్చేసి నేల మీద కూర్చున్నాడు."

"సర్టిఫికెట్ ఇచ్చారా?" అంది లైబ్రేరియన్.

"ఇవ్వకేం. తెచ్చి తొట్టి మీద పెడితే నా వానపాములే తినేశాయి. మామూలు కాగితాన్నే వదలవు, పొగడ్త రాసిన కాగితాన్ని వదులుతాయా?"

లైబ్రేరియన్ కలం మూసింది. ఈ కథ ఆవిడ ఏడెనిమిదిసార్లు విన్నది. పోయిన ఏడాది వానపాము బస్టాండు దాకా వెళ్లి ఆగింది. ఈసారి ఎక్కడిదాకా వెళ్తుందో మరి.

"ప్రొజెక్టర్ అదీ పెట్టారు. నేనే ఆపేయమన్నాను. నాకు బోర్డే అలవాటు, సుద్దముక్క చాలన్నాను."

నిచ్చెన మీద స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది.

"తల దగ్గర మొదలుపెట్టాను. వానపాము ఒంట్లో వందకి పైగా ఉంగరాలుంటాయి, ఒక్కటి వదిలినా దానికి అన్యాయం చేసినట్టే. బోర్డు అయిపోయింది. గోడెక్కాను. గోడా అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆపేశారు," అన్నాడు క్లర్కు, మాస్టారిని ఉసిగొల్పుతూ.

"సగంలో ఆపితే ప్రాణి కాదుటయ్యా అది? గుమ్మం దాటి వరండాలోకి, వరండాలోంచి మెట్ల మీదికి, మెట్లు దిగి వీధిలోకి గీసుకుంటూ పోయాను. జనమంతా నా వెనకే, నడుస్తూ నోట్సు రాసుకుంటూ. సుద్ద అయిపోతే దారిలో ఉన్న స్కూళ్లవాళ్లు బుట్టలతో పంపారు. బస్సులు ఆగిపోయాయి. తొక్కడానికి మనసొప్పక డ్రైవర్లు కిందికి దిగిపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిట్టలు వాలాయి. నిజం వానపామే అనుకున్నాయి పాపం. పొడిచీ పొడిచీ వాటి ముక్కులన్నీ సుద్దగొట్టుకుపోయాయి. ఇప్పటికీ ఆ ఊళ్లో పిట్టల ముక్కులు తెల్లగానే ఉంటాయి, కావాలంటే వెళ్లి చూసుకో."

"పదిహేనేళ్లు బతికాయా ఆ పిట్టలు?"

"వాటి పిల్లలయ్యా. వంశపారంపర్యం. నువ్వు సైన్సు చదువుకుంటే ఇలాంటివి అడగవు."

క్లర్కు బల్ల మీద తలపెట్టి నవ్వుతున్నాడు. మాస్టారు ఊపు మీదున్నాడు.

"తోక దగ్గరికొచ్చేసరికి రైల్వే స్టేషను. పట్టాల మీద గీస్తుంటే రైలొచ్చింది. డ్రైవరు దూరం నుంచే చూసి బ్రేకేశాడు. దిగొచ్చి, ఇంకెంతుంది మాస్టారూ అన్నాడు. రెండు ఉంగరాలే నాయనా, ఓపిక పట్టు అన్నాను. రైలు రైలంతా దిగి చప్పట్లు కొట్టింది. ఆ రోజు నా ప్రసంగం విన్నవాళ్లు పన్నెండు వేల మంది, ప్లాట్‌ఫాం మీదివాళ్లని కలపకుండా."

లైబ్రేరియన్ గడియారం చూసింది. మూడున్నర దాటింది.

"ఆ పన్నెండు వేలల్లో నాకు ఒక్కరి సంతకం కావాలి మాస్టారూ. ఒక్కరిది. మీకేమో నవ్వులాటగా ఉంది. రేపు పొద్దున్నే వచ్చి గది ఖాళీ చెయ్యమంటారు, అప్పుడేం చేస్తారు?"

ఆయన టీ గ్లాసు మళ్లీ ముందుకి లాక్కున్నాడు.

"ఎవర్నని తేనమ్మా ఇప్పుడు," అన్నాడు. "తొట్లని మాత్రం ఎండలో పెట్టొద్దని చెప్పు వాళ్లకి. ఒక్క పూటకే చచ్చిపోతాయి."

ఏళ్ల తరబడి ఎరిగిన మనిషిని ఇలా చూడటం ఆవిడ వల్ల కాలేదు.

"నలుగురమండీ," అని వినబడింది పైనుంచి.

ముగ్గురూ తలెత్తారు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన దిగి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"పన్నెండు వేలు కాదండీ, నలుగురం. మిగతావాళ్లంతా భోజనాలకి పోయారు. అధ్యక్షుడుగారు, మంచినీళ్లు పెట్టేవాడు, మా ఓనరు, నేను. వానపాము బోర్డు దాటలేదు. తోక దగ్గర చోటు చాలక కాస్త వంచి గీశారు."

క్లర్కు పకపకా నవ్వాడు. లైబ్రేరియన్ నవ్వలేదు. "నువ్వు అక్కడున్నావా?" అని అడిగింది.

"మైకులూ ప్రొజెక్టర్లూ అద్దెకిచ్చే షాపులో పనిచేసేవాణ్ణండీ. ఆ వారమే మాకు పాప పుట్టింది, నాలుగు రోజులుగా నిద్రలేదు. ఆ ప్రొజెక్టర్ బల్బు వట్టి చేత్తో పట్టుకోకూడదు, గుడ్డతో పట్టుకోవాలి. నిద్రమత్తులో చేత్తో పట్టుకుని బిగించాను. వెలిగించగానే టప్‌మని పోయింది. ఇంకో బల్బు తెచ్చుకోలేదు. అప్పుడే మా ఓనరు లోపలికొచ్చి, ప్రొజెక్టర్ ఎందుకు ఆగిందిరా అన్నాడు. అంతకుముందే రెండు తప్పులు చేసున్నాను. ఆ పూటతో నా పని సరి అనుకున్నాను."

అతను మాస్టారి వైపు తిరిగాడు.

"ఈయనే అడ్డొచ్చి, నేనే ఆపేయమన్నాను, నాకు బోర్డే అలవాటు అన్నారండీ. నా పేరు కూడా తెలీదు ఈయనకి. ప్రొజెక్టర్లో చూపిద్దామని ఈయన ఎక్కడెక్కణ్ణుంచో తెచ్చుకున్న ఫొటోలన్నీ సంచీలోనే ఉండిపోయాయి. వానపాముకి కళ్లుండవు, అయినా ఒంటికి వెలుగు తెలుస్తుందని చెప్పారు ఆ రోజు. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. ఆ ఉద్యోగం మీదే పాపని పెంచుకున్నాను. మీకో దణ్ణం పెట్టుకోవాలని ఇన్నేళ్లుగా ఉంది మాస్టారూ, ఎక్కడుంటారో తెలీలేదు."

మాస్టారు అతని బట్టతల వంక చూశాడు. "అప్పుడు నీకు తలనిండా జుట్టుండేది కదయ్యా."

"మీకూ ఉండేదండీ."

లైబ్రేరియన్ తను విన్న ఏడెనిమిది కథలూ గుర్తుచేసుకుంది. వానపాము ఏటా పెరిగింది, జనం పెరిగారు, పిట్టలొచ్చాయి. నేనే ఆపేయమన్నాను అన్న మాట మాత్రం ఏ ఒక్కసారీ మారలేదు.

"ఇన్ని చెబుతారు, ఆ బల్బు సంగతి ఒక్కటీ ఎప్పుడూ చెప్పలేదేం మాస్టారూ?" అంది.

"చెబితే ఆ నోటా ఈ నోటా పడి వాళ్ల ఓనరు చెవిన పడదూ," అన్నాడు ఆయన చిన్నగా.

ఆవిడ కలం తెరిచి పేజీ నింపింది. నేలల సదస్సులో ప్రసంగం. విన్నవారు నలుగురు. సాక్షి గడిలో ఎలక్ట్రీషియన్ కుదురుగా సంతకం పెట్టాడు. పెట్టి, కలం ఇవ్వకుండా కాసేపు మాస్టారి ముఖంలోకి చూశాడు.

"పిట్ట కూడా రాసుకోండమ్మా," అన్నాడు. "కిటికీలోంచి వచ్చింది. ఒకటే వచ్చిందనుకోండి, కానీ వచ్చింది."

లైబ్రేరియన్ కలం అందుకుంది. పుస్తకంలో పిట్టకి గడి లేదు, అయినా రాయబోయింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

"పిట్ట రాలేదమ్మా," అన్నాడు. "ఇతను వచ్చాడు. అది రాసుకో."